అలాస్కా ఓడలో మాకు కావలసిన గది

ఓడ ప్రయాణానికి టికెట్టు కొనబోయే వారు మొట్టమొదట అడిగేది బాల్కనీ ఉన్న గది తీసుకోవాలా, కిటికీ ఉంటే సరిపోతుందా అని. కొన్నేళ్ళ క్రితం మా వారితో కలిసి సియాటిల్ నుంచి అలాస్కాకు బయలుదేరినప్పుడు నేనూ అదే అడిగాను. బాల్కనీ అనుకున్న మరుక్షణం డబ్బు కట్టేశాను. మేము కొన్నది 'గ్యారంటీ' టికెట్టు. అంటే తరగతి మాత్రమే మనం ఎంచుకుంటాం. గది నంబరు ఏదన్నది కంపెనీ వారు తరువాత తమ వీలును బట్టి నిర్ణయిస్తారు. అందుకు బదులుగా ధర కొంత తగ్గిస్తారు. ఆ గ్యారంటీ బాల్కనీకే గాని నిద్రకు కాదని ఓడ ఎక్కిన మరునాడు తెల్లవారకముందే తెలిసింది. మా గది ఓడ వెనుక కొసన, బఫే భోజనశాలకు సరిగ్గా కింద పడింది. ఉదయం 5 గంటలకే నెత్తి మీద కుర్చీలు ఈడ్చే చప్పుడు, పాత్రల బండ్లు దొర్లే చప్పుడు మొదలయ్యేవి. రాత్రి భోజనాలు ముగిసి నేల తుడిచేదాకా అవి ఆగేవి కావు. "డబ్బు మిగిలిందిగా" అని మా వారు ఏడు రోజులూ నన్ను ఓదారుస్తూనే ఉన్నారు.

అందుకే పోయిన ఏడాది అమ్మనూ నాన్నగారినీ అదే దారిలో తీసుకువెళ్ళాలని అనుకున్నప్పుడు, తరగతి సంగతి పక్కన పెట్టి ముందుగా గది ఎక్కడ ఉండాలో కాగితం మీద రాసుకున్నాను. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. నడవగలదు గాని దూరం నడవలేదు. నాన్నగారికి నడక బాధ లేదు గాని రాత్రి నిద్ర పలుచన. ఇద్దరికీ సముద్రం కొత్త. కాబట్టి రెండు గదులూ పక్కపక్కనే ఉండాలి, లిఫ్టుకు దగ్గరగా ఉండాలి కాని లిఫ్టుకు ఎదురుగా ఉండకూడదు, ఓడ నడుమ భాగంలో ఉండాలి, మరీ పై అంతస్తు కాకూడదు, పైనా కిందా నిద్రపోయే మనుషులే ఉండాలి. ఇవన్నీ ఒకే గదికి కుదరడం పెళ్ళి సంబంధం కుదరడమంత కష్టమని అప్పటికి నాకు తెలియదు.

ఓడ నడుమ ఎందుకని అమ్మ అడిగితే నేను ఏదో చెప్పబోయేంతలో నాన్నగారే అందుకున్నారు. ఆయన కోనసీమలో పుట్టి పెరిగిన మనిషి. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి ముక్తేశ్వరం వైపు వెళ్ళిన చిన్ననాటి అలవాటు ఆయనకు ఇప్పటికీ కాళ్ళలో ఉంది. "పడవకి అణియం లేస్తుంది, అమరం దిగుతుంది. నడుమ కూర్చున్నవాడికి రెండూ తగలవు" అన్నారు. పడవ ముందు కొసను అణియమనీ వెనుక కొసను అమరమనీ అంటారు. మూడు వందల మీటర్లు దాటిన ఓడలకూ లెక్క ఇదే. తూగుటుయ్యాల కొసన కూర్చున్నవాడు ఎంత లేస్తాడో నడుమ కూర్చున్నవాడు అంత లేవడు. ఓడ పక్కలకు ఒరిగేటప్పుడు మాత్రం ఎత్తు లెక్కకు వస్తుంది: పై అంతస్తులో ఉన్నవారు ఎక్కువ దూరం ఊగుతారు. కాబట్టి కడుపులో తిప్పుతుందన్న భయం ఉన్నవారికి నడుమా, కిందా తగినవి. కంపెనీలు ఎక్కువ ధర పెట్టే పై డెక్కులు ఈ లెక్కలో తక్కువ రకం.

సియాటిల్ నుంచి వెళ్ళే వారికి ఇది ఉత్త సిద్ధాంతం కాదు. వాంకూవర్ నగరం నుంచి బయలుదేరే ఓడలు సాధారణంగా వాంకూవర్ ద్వీపానికీ ప్రధాన భూభాగానికీ నడుమ ఉన్న జలమార్గంలో, దీవుల చాటున పోతాయి. సియాటిల్ నుంచి బయలుదేరేవి మాత్రం చాలావరకు ఆ ద్వీపానికి పడమటి వైపున, పసిఫిక్ మహాసముద్రం మీదుగా పోతాయి. అంటే మొదటి రాత్రీ, మరునాడు పగలూ కడలి ఊపు తప్పదు. టికెట్టు అమ్మేవారు మంచుకొండల బొమ్మలు చూపిస్తారు గాని ఆ ఒకటిన్నర రోజు మాట ఎత్తరు.

తరువాతి పని డెక్ ప్లాన్ చదవడం. ప్రతి కంపెనీ తన ఓడల అంతస్తుల పటాలను అందరికీ అందుబాటులో ఉంచుతుంది. అందరూ చేసే పొరపాటు తమ గది ఉన్న అంతస్తు పటం ఒక్కటే చూడటం. నేను మూడు పటాలను ఒకదాని కింద ఒకటి పేర్చి, పై అంతస్తులో మా నెత్తి మీద ఏముంది, కింది అంతస్తులో మా కాళ్ళ కింద ఏముంది అని చూశాను. పైన ఈత కొలనో, బఫేనో, జిమ్మో ఉంటే ఆ గది వద్దు. కింద నాటకశాలో, రాత్రి పొద్దుపోయేదాకా పాటలు వినిపించే బారో ఉన్నా వద్దు. పైనా కిందా గదులే ఉన్న అంతస్తులు ప్రతి ఓడలోనూ కొన్ని ఉంటాయి. వాటి పక్కన గీత గీసుకున్నాను. పటంలో ఏ గుర్తూ లేకుండా తెల్లగా వదిలేసిన చోట్లు మరొక చిక్కు. అవి ఖాళీ స్థలాలు కావు, ప్రయాణికులకు ప్రవేశం లేని చోట్లు మాత్రమే: సిబ్బంది మెట్లు, దుప్పట్ల గది, సామాను లిఫ్టు, వంటింటి వెనుక దారి, ఏదైనా కావచ్చు. అలాంటి తెల్లటి చోటుకు గోడ కలిసిన గది ఎంత చవకగా వచ్చినా ఆలోచించుకోవాలి. ముందు భాగంలో కింది డెక్కుల గదులకు ఇంకొక బాధ ఉంది. ఓడ రేవులో నిలిచేటప్పుడు దాన్ని పక్కకు జరిపే థ్రస్టర్లు అక్కడే ఉంటాయి. అవి తిరగడం మొదలుపెడితే మంచమే అదురుతుంది. ఓడలు తరచుగా తెల్లవారుజామునే రేవు చేరతాయి గనుక ఆ గదుల వారికి అలారం అక్కరలేదు.

గదుల నంబర్లలోనూ ఒక పద్ధతి ఉంటుంది. మొదటి ఒకటి రెండు అంకెలు డెక్కును చెబుతాయి. చాలా కంపెనీల్లో చివరి అంకె సరి సంఖ్య అయితే ఒక పక్క, బేసి అయితే రెండో పక్క. ఏది కుడి, ఏది ఎడమ అన్నది కంపెనీని బట్టి మారుతుంది. నాన్నగారు ఫోనులో అడిగిన మొదటి ప్రశ్నే "కుడి పక్కా, ఎడమ పక్కా, ఏది మంచిదమ్మా?" అని. వాంకూవర్ నుంచి ఉత్తరానికి ఒకవైపే సాగే ప్రయాణమైతే కుడి పక్క తీరం వైపు ఉంటుంది గనుక దానికి కొంత గిరాకీ ఉండటంలో అర్థముంది. వెళ్ళిన ఓడే తిరిగి వచ్చే మా ప్రయాణంలో పోయేటప్పుడు ఒక పక్కకు కనిపించింది వచ్చేటప్పుడు రెండో పక్కకు కనిపిస్తుంది. ఇక అలాస్కాలోని గ్లేసియర్ బే వంటి చోట హిమానీనదం ఎదుట ఓడను నిలిపి, రెండు పక్కల వారికీ కనిపించేలా మెల్లగా తిప్పుతారు. కాబట్టి పక్క కోసం ఒక్క డాలరు కూడా అదనంగా పెట్టవద్దని నా అభిప్రాయం.

ఇంతకీ మొదట మేము నలుగురం ఒకే గదిలో సర్దుకుందామని కూడా అనుకున్నాం. గదిలో మూడో మనిషికీ నాలుగో మనిషికీ టికెట్టు ధర చాలా తక్కువ. తీరా చూస్తే ఇద్దరి కోసం వెతికితే గదులు చూపిస్తున్నారు, నలుగురి కోసం వెతికితే లేవంటున్నారు. ఇది అమ్మకపు మాయ అనుకున్నాను గాని కారణం వేరు. గోడ నుంచో పైకప్పు నుంచో దించే అదనపు పడకలు కొన్ని గదుల్లోనే ఉంటాయన్నది ఒకటి. రెండవది, ప్రమాద సమయంలో ప్రతి గది వారూ ఒక నిర్ణీత చోట గుమిగూడి నిర్ణీత లైఫ్‌బోటు ఎక్కాలి. ఆ బోటులో కూర్చునే చోట్లు లెక్కగా ఉంటాయి. ఓడలో ఆ భాగానికి కేటాయించిన చోట్లు నిండితే, గదిలో మంచం ఖాళీగా ఉన్నా అక్కడ మూడో మనిషికి టికెట్టు ఇవ్వరు. పిల్లలతో వెళ్ళే వారు సెలవుల రోజుల్లో ఆలస్యంగా వెతికి దెబ్బతినేది ఇక్కడే. మేము రెండు గదులకు సిద్ధపడ్డాం. ఆ తరువాత ఆలోచిస్తే, నాన్నగారి గురక వినిపించే దూరంలో ఏడు రాత్రులు పడుకోకుండా మమ్మల్ని కాపాడింది ఆ లైఫ్‌బోట్ల లెక్కేనని తేలింది.

లైఫ్‌బోట్ల గురించి ఇంకొక మాట. అవి ఓడ పక్కన ఒక అంతస్తు పొడవునా వేలాడుతూ ఉంటాయి. వాటి వెనుక గదులను 'చూపుకు అడ్డం' అన్న గుర్తుతో తక్కువ ధరకు అమ్ముతారు. ఆ అడ్డం అన్ని గదులకూ ఒక్క తీరుగా ఉండదు. కొన్నింటి ఎదుట పడవ గోడలా నిలుస్తుంది. కొన్నింటికి పడవ కప్పు మాత్రం కాళ్ళ దగ్గర కనిపించి, కళ్ళెత్తితే సముద్రమంతా తెరిపిగా ఉంటుంది. రెండు పడవల నడుమ సందు ఎదుట పడిన గదికి అడ్డమే ఉండదు. ఆ ఓడలో అంతకు ముందు ప్రయాణించిన వారు తీసిన వీడియోలు గది నంబరుతో సహా దొరుకుతాయి. ఓపిక ఉంటే అందులో లాభం ఉంది. నాకు ఆ ఓపిక లేకపోయింది.

లోపలి గది, అంటే కిటికీ అసలే లేనిది, ఎవరికీ వద్దని నేను అనను. జూన్ నెలలో అలాస్కాలోని జూనో నగరంలో పగలు సుమారు 18 గంటలుంటుంది; చీకటి కావాలనుకునే వారికి కిటికీ లేని గదే సుఖం. మిగిలిన డబ్బు ఒడ్డున ఖర్చు పెట్టుకోవచ్చు. కాని అమ్మ గంటల తరబడి పై డెక్కు మీద చలిగాలిలో నిలబడలేదు. ఆమె మంచును చూడాలంటే మంచే ఆమె కుర్చీ ముందుకు రావాలి. బాల్కనీకి మేము ఎక్కువ ధర ఇచ్చింది ఆ ఒక్క కారణంగానే.

గది లోపలి సంగతుల్లో నేను ముందుగా ఊహించనిది స్నానాల గది గడప. మామూలు గదుల్లో నీళ్ళు బయటికి రాకుండా స్నానాల గది గుమ్మానికి ఎత్తైన గడప ఉంటుంది. మోకాళ్ళు పట్టేసిన మనిషికి, అందులోనూ ఓడ ఊగుతుండగా, అది చిన్న ఇబ్బంది కాదు. వెడల్పు తలుపులతో, గడప లేని స్నానాల గదితో చక్రాల కుర్చీ వారి కోసం కట్టిన గదులు ప్రతి ఓడలోనూ కొన్ని ఉంటాయి. అవసరం ఉన్నట్టు చెప్పి ఆ గది తీసుకోమని ఒకరు నాకు సలహా ఇచ్చారు. అమ్మ ఒప్పుకోలేదు. "నేను నడుస్తున్నాను కదా, నడవలేని వాళ్ళది నాకెందుకు?" అంది. ఆమె మాటే సబబు. ఆ గదులు ఉన్నవే కొన్ని. మేము గడప దగ్గర పట్టుకోవడానికి కడ్డీ ఉందో లేదో ముందే కనుక్కుని ఊరుకున్నాం.

ఇక అసలు టికెట్టు కొన్న కథ. 1886 నాటి అమెరికా చట్టం ఒకటి, విదేశీ జెండా ఎగరేసే ఓడ అమెరికా రేవులో ప్రయాణికులను ఎక్కించుకుని మధ్యలో విదేశీ రేవు ఒక్కటీ తాకకుండా తిప్పి తీసుకురావడాన్ని అనుమతించదు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే సియాటిల్ ఓడలు తిరుగు దారిలో కెనడాలోని విక్టోరియా దగ్గర ఆగుతాయి. భారతీయ పాస్‌పోర్టు మీద వచ్చే తల్లిదండ్రులకు కాబట్టి కెనడా వీసా కూడా కావాలి. ఆ వీసాలు వచ్చాకే ఓడ టికెట్టు కొనాలని నేను కూర్చున్నాను. అదే నా పెద్ద పొరపాటు. ఈ ప్రయాణాలు ఏడాదిన్నర, రెండేళ్ళ ముందు నుంచే అమ్మకానికి ఉంటాయి. పైగా గ్లేసియర్ బే జాతీయ ఉద్యానవనంలోకి రోజుకు 2 క్రూజ్ ఓడలను మించి పోనివ్వరు గనుక అక్కడికి వెళ్ళే ఓడల్లో మంచి చోట్లు త్వరగా అయిపోతాయి. మార్చిలో వీసాలు చేతికొచ్చి నేను ఆగస్టు ప్రయాణం పటం తెరిస్తే, నడుమ భాగంలో అక్కడొకటి, ఇక్కడొకటి తప్ప జంట గదులు లేవు. తిరిగి వచ్చే అడ్వాన్సు కట్టి ముందే గదులు పట్టి ఉంచుకోవచ్చని, వీసా రాకపోతే గడువులోగా రద్దు చేసుకుంటే ఆ డబ్బు వెనక్కి వస్తుందని, అప్పుడే టికెట్ల ఏజెంటు చెప్పారు. అడ్వాన్సు తిరిగి ఇవ్వని టికెట్లు చవకగా ఉంటాయి; రెంటికీ తేడా చదువుకునే కట్టాలి.

సరే, ముందు వేర్వేరు డెక్కుల మీద రెండు గదులు తీసుకున్నాం. పూర్తి డబ్బు కట్టాల్సిన గడువు మా ప్రయాణానికి 90 రోజుల ముందు. కొన్ని కంపెనీలకు అది 120 రోజులు కూడా ఉంటుంది. అనుమానంగా టికెట్టు పట్టుకున్న వారంతా ఆ తేదీ దగ్గర పడగానే రద్దు చేసుకుంటారు, బృందాల కోసం ఏజెంట్లు దాచిన గదులు కూడా ఆ రోజుల్లోనే తిరిగి వస్తాయి. గడువుకు ముందు వారం నుంచీ రోజూ రాత్రి వంట పని అయ్యాక పటం తెరిచి చూసేదాన్ని. నాలుగో రోజున, నేను గీత గీసుకున్న అంతస్తులోనే, లిఫ్టుకు ఆరు తలుపుల అవతల, జంట గదులు రెండు కనిపించాయి. ఉత్సాహంలో ఒకటి నొక్కి, దాని వివరాలన్నీ నింపి, రెండోదానికి వచ్చేసరికి అది ఎవరో తీసుకుపోయారు. గదిని ఎంచుకోగానే కొన్ని నిమిషాలు మాత్రమే మన కోసం ఆపి ఉంచుతారు. కనుక జంట గదులు కావాలనుకునే వారు కంప్యూటరులో రెండు బ్రౌజరు కిటికీలు తెరిచి, ముందు రెండు గదులనూ పట్టుకుని, ఆ తరువాతే పేర్లు నింపాలి. లేదా ఏజెంటుకు ఫోను చేసి రెండింటినీ ఒక్కసారే ఆపమనాలి. నేను ఆ రాత్రి ఎవరినో తిట్టుకుంటూ పడుకున్నాను. పాపం, వారికీ అమ్మానాన్నలు ఉండి ఉంటారు.

గడువు దాటిన మూడో రోజున మరో జంట కనిపించింది. ఈసారి ముందు ఫోను చేశాను. అదే తరగతి, అదే ధర కావడంతో డబ్బు తేడా లేకుండా మార్చారు. ఆ రెండు గదుల నడుమ లోపలి తలుపు ఉందా అని అడిగాను. చిన్న పిల్లలున్న వారికి ఆ తలుపు వరం. మిగతా వారికి దాని సందులోంచి పక్క గది మాటలన్నీ వినిపిస్తాయి. మాకు లేదు, ఉండాలనీ కోరలేదు. బాల్కనీల నడుమ అడ్డు పలకను మాత్రం గది ఊడ్చే అతను మొదటి రోజే తీసి ఇచ్చాడు. చాలా ఓడల్లో అడిగితే చేస్తారు.

ఫోనులో చివరగా ఇంకొకటి చెప్పి రాయించాను: అడగకుండా మా గదులను 'అప్‌గ్రేడ్' చేయవద్దని. విన్నవారు నవ్వుతారు గాని, ఓడ నింపుకునే సర్దుబాట్లలో కంపెనీ మనల్ని పై తరగతికి మారిస్తే అది మళ్ళీ బఫే కిందికే చేరవచ్చు. ప్రయాణానికి ముందు వేలం ఉత్తరాలు కూడా వస్తాయి: ఇంత ఇస్తామని పాడుకుంటే పెద్ద గది ఇవ్వవచ్చునట. ఆ పాట మనిషికి ఇంత అని ఉంటుంది, గదికి కాదు. ఒప్పుకున్నాక డబ్బు తిరిగి రాదు. గది ఎక్కడో చెప్పరు. నాన్నగారు ఆ ఉత్తరం చదివి, "పెద్ద గది ఇస్తామంటే వద్దంటావేమ్మా?" అన్నారు. "ఎక్కడిస్తారో అడగండి నాన్నగారూ" అన్నాను. ఆయన మరి మాట్లాడలేదు.

మొదటి రాత్రి సముద్రం ఊగింది. అంతకు ముందు ప్రయాణంలో నేను మంచం పట్టుకుని కూర్చున్న చోటే అది. అమ్మ ఒక్కసారి లేచి నీళ్ళు తాగి మళ్ళీ పడుకుందట. హిమానీనదం దగ్గర ఓడ తిరిగిన గంటసేపూ ఇద్దరూ శాలువాలు కప్పుకుని బాల్కనీలోనే కూర్చున్నారు. మంచు విరిగి నీళ్ళలో పడ్డ చప్పుడు, తెల్లటి పొడి లేచిన తరువాత కాస్త ఆలస్యంగా వినిపించినప్పుడు, నాన్నగారు ఆ దూరం ఎంతుంటుందో సెకన్లతో లెక్కకట్టబోయి రెండుసార్లు తప్పారు.

ఇంత చేసినా ఒక లోపం మిగిలింది. మా గదికి ఎదుటి వరుసలో, రెండు తలుపుల అవతల, సిబ్బంది రాకపోకలకు స్ప్రింగు తలుపు ఒకటి ఉంది. పటంలో అది చిన్న తెల్లటి చుక్కంత కూడా లేదు. పొద్దున్నే దుప్పట్ల బండి వచ్చినప్పుడల్లా అది దభీమని మూసుకునేది. దిగే రోజు ఉదయం నడవా పొడవునా నడిచి చూసి, ఆ తలుపుకు దూరంగా, లిఫ్టుకు మరీ దగ్గర కాకుండా ఉన్న రెండు గదుల నంబర్లు ఫోనులో రాసుకున్నాను.